పిల్లల్లో లుకేమియా మూత్రపిండాలకు పాకితే స్కానింగ్‌లో ఎలా కనిపిస్తుంది?

పిల్లల్లో ఎక్కువగా వచ్చే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో (వేగంగా ముదిరే ఒక రకం రక్త క్యాన్సర్) క్యాన్సర్ కణాలు మూత్రపిండాల కణజాలంలోకి చొరబడినప్పుడు, చాలావరకు రెండు మూత్రపిండాలూ ఉబ్బి పెద్దవవుతాయి గానీ వాటి చిక్కుడుగింజ ఆకారం మాత్రం అంతగా చెదరదు. ఈ పెరుగుదలను బిడ్డ వయసుకు, ఎత్తుకు తగిన కొలతలతోనే పోల్చాలి. పెద్దవారి కొలతలు ఇక్కడ పనికిరావు.

సాధారణంగా మొదట చేసే అల్ట్రాసౌండ్‌లో మూత్రపిండపు వెలుపలి పొరకూ లోపలి భాగానికీ మధ్య కనిపించవలసిన తేడా చెరిగిపోవచ్చు. కాంట్రాస్ట్ (కణజాలాలు స్పష్టంగా కనిపించేలా ఇచ్చే మందు) ఇచ్చి తీసిన సీటీలో వ్యాధి సోకిన భాగాలు ఆరోగ్యంగా ఉన్న కణజాలం కంటే తక్కువగా వెలుగుతాయి; కొందరిలో ఇవి విడివిడి గడ్డలుగానూ ఉంటాయి. రేడియేషన్ లేని ఎంఆర్‌ఐలో, ముఖ్యంగా కణజాలంలో నీటి కదలికను చూపే డిఫ్యూజన్ చిత్రాల్లో, కణాలు కిక్కిరిసిన చోట్లు ప్రకాశవంతంగా కనిపిస్తాయి.

పిల్లల మూత్రపిండాల్లో వచ్చే మరో క్యాన్సర్ అయిన విల్మ్స్ ట్యూమర్ సాధారణంగా ఒకే మూత్రపిండంలో పెద్ద గడ్డగా పెరిగి దాని ఆకారాన్ని మార్చేస్తుంది కనుక దాన్ని లుకేమియా నుంచి వేరుగా గుర్తించడం కొంత సులువు. స్కాన్‌లో ఇలాగే కనిపించగల లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్), ఇన్ఫెక్షన్‌ల విషయంలోనే అసలు చిక్కు. అందుకే నిర్ధారణ ప్రధానంగా రక్త, ఎముక మజ్జ పరీక్షలపై ఆధారపడుతుంది. మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష మామూలుగా ఉన్నంత మాత్రాన మూత్రపిండాలకు వ్యాధి పాకలేదని అనుకోలేము. కీమోథెరపీ పనిచేస్తే అవి చాలావరకు తిరిగి మామూలు పరిమాణానికి చేరుకుంటాయి.