మెటల్ డిటెక్టర్ కొత్తగా కొన్నాను, తవ్విన చోటల్లా మేకులే వస్తున్నాయి: లోపం మిషన్‌దా, నాదా?

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. స్క్రీన్ మీద నంబర్ ఒక్క చోట నిలవకుండా గెంతుతోంది, తవ్వితే మేకులూ సీసా మూతలూ తప్ప ఏమీ రావడం లేదు, మిషన్ కింద ఉండే గుండ్రటి పళ్లెం, అంటే కాయిల్, పెద్దది కొంటే బాగుపడుతుందా అని. నేను కొన్నేళ్లుగా సరదాకి ఇదే పని చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. మీ మిషన్‌లో లోపం ఉండే అవకాశం చాలా తక్కువ. మీరు స్క్రీన్‌ని ఎక్కువగా నమ్ముతున్నారు, శబ్దాన్ని తక్కువగా వింటున్నారు. మొదట్లో అందరూ అలాగే చేస్తారు, ఎందుకంటే నంబర్ కంటికి కనిపిస్తుంది, శబ్దంలో తేడా తెలియడానికి మాత్రం చెవికి కొంత అలవాటు కావాలి.

ఆ నంబర్ ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. కాయిల్ ప్లాస్టిక్ లోపల మామూలుగా రెండు తీగచుట్టలుంటాయి. ఒకటి సెకనుకు వేల సార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. దారిలో లోహం తగిలితే అందులో సుడులు తిరిగే సన్నని విద్యుత్ ప్రవాహాలు పుడతాయి, వాటి వల్ల మళ్లీ ఒక బలహీనమైన క్షేత్రం పైకి వస్తుంది. రెండో చుట్ట దాన్ని పట్టుకుంటుంది. పంపినదానికీ వచ్చినదానికీ మధ్య ఎంత ఆలస్యం ఉందో లెక్కగట్టి మిషన్ ఒక నంబర్ వేస్తుంది. ఈ ఆలస్యం లోహాన్ని బట్టి మారుతుంది, నిజమే. కానీ వస్తువు సైజు, మందం, ఆకారం, నేలలో బల్లపరుపుగా పడుకుందా, అంచు మీద నిలబడిందా అన్న వాటిని బట్టి కూడా మారుతుంది. అందుకే సన్నటి బంగారు ఉంగరమూ, కూల్‌డ్రింక్ డబ్బా మీద లాగే అల్యూమినియం రింగూ ఒకే నంబర్ చూపించగలవు. వెండి, రాగి నాణేలు పైనెక్కడో వస్తాయి, మేకులు అట్టడుగున. ఆ మధ్యలో ఉన్నదంతా కలగాపులగం. బంగారాన్ని మాత్రమే వేరు చేసి చెప్పే మామూలు హాబీ మిషన్ లేదు, ప్రకటన ఏం చెప్పినా సరే.

ఇక నంబర్ ఎందుకు గెంతుతుంది? వస్తువు లోతుగా ఉంటే తిరిగి వచ్చే సిగ్నల్ బలహీనం, లెక్క తడబడుతుంది. పక్కనే ఇంకో ఇనుప ముక్క ఉంటే రెండు సిగ్నళ్లూ కలిసిపోతాయి. నేలలోనే ఇనుప ఖనిజం ఎక్కువైతే నేల కూడా ఒక లోహంలా జవాబిస్తుంది. ఎర్రమట్టి, సముద్రపు ఒడ్డున నల్లటి ఇసుక ఇందుకు పేరుపడ్డవి. పైన కరెంటు తీగలున్నా, జేబులో మొబైల్ ఉన్నా మిషన్ ఊరికే కూస్తుంది. కాబట్టి బయటికెళ్లగానే మొదటి పని: ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి కాయిల్‌కి దూరంగా ఉన్న జేబులోకి మార్చండి, కాయిల్‌ని కదపకుండా గాల్లో పట్టుకుని బయటి నుంచి వచ్చే ఇలాంటి రొదని తగ్గించే నాయిస్ క్యాన్సిల్ బటన్ నొక్కండి. తర్వాత లోహం లేదని తేలిన ఒక చోట గ్రౌండ్ బ్యాలెన్స్ చేయండి, అంటే నేల ఇచ్చే జవాబుని పట్టించుకోకుండా మిషన్ని సర్దండి. చాలా మిషన్లలో ఆ బటన్ నొక్కి ఉంచి, కాయిల్‌ని నేలకి దగ్గర నుంచి ఒక జానెడు ఎత్తు వరకు నిదానంగా పైకీ కిందకీ ఆడిస్తే, నేల శబ్దం తగ్గిపోయే చోట అదే సర్దుకుంటుంది. మట్టి రంగు మారిందనిపించినప్పుడల్లా మళ్లీ చేసుకోండి.

సెన్సిటివిటీని, అంటే ఎంత బలహీనమైన సిగ్నల్ని పట్టాలో చెప్పే సెట్టింగ్‌ని, చివరి దాకా తిప్పేయకండి. ఎక్కువ పెడితే ఎక్కువ లోతు వస్తుందని అనిపిస్తుంది గానీ, పిచ్చి కూతల మధ్యలో అసలు సిగ్నల్ వచ్చినా మీకు వినపడదు. మిషన్ నిశ్శబ్దంగా ఉండే వరకు తగ్గించండి, అక్కడ ఆపండి. నేను ఇప్పటికీ చాలా చోట్ల పూర్తి స్థాయికి బాగా కిందే వాడతాను.

కాయిల్ తిప్పడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తేడా అంతా ఇక్కడే కనిపిస్తుంది. కొత్తవాళ్లు తిప్పేటప్పుడు కాయిల్ మధ్యలో నేలకి దగ్గరగా ఉంటుంది, రెండు చివరలా చేయి లేచిపోయి అరడుగు పైకి వెళ్తుంది. ఆ అరడుగూ మీరు పోగొట్టుకున్న లోతే. భుజాన్ని కాదు, నడుమును తిప్పండి. కాయిల్ ఎప్పుడూ నేలకి సమాంతరంగా, రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులోనే సాగాలి, గడ్డిని నిమురుతూ పోయినా నష్టం లేదు. ఒక్కో విసురూ ముందుదాని మీద సగం దాకా ఎక్కాలి. వేగం తగ్గించండి. చెత్త ఎక్కువున్న చోట మరీ తగ్గించండి, లేకపోతే మేకు పక్కనున్న నాణెం మేకు శబ్దంలో కలిసిపోతుంది. అలాగని కాయిల్‌ని ఒకే చోట ఆపేస్తే శబ్దమే రాదు. లోహాల్ని వేరు చేసే మోడ్‌లు కాయిల్ కదులుతున్నప్పుడే పనిచేస్తాయి. చాలా మిషన్లలో కాయిల్ కదలకుండా వినిపించేది, వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపించే పిన్‌పాయింట్ మోడ్ ఒక్కటే.

మీ మేకుల సంగతికి వస్తాను. ఒక సిగ్నల్ వచ్చిందనుకోండి, వెంటనే తవ్వకండి. దాని మీద చిన్న విసురు విసరండి, ఓ చేతి వెడల్పు చాలు. ఎడమ నుంచి కుడికీ, కుడి నుంచి ఎడమకీ ఒకేలా మోగుతోందా? ఒక వైపే మోగి రెండో వైపు గరగరమంటే ఇనుము అని అనుమానించాలి. ఇప్పుడు మీరు ఆ చోటు చుట్టూ పావు వంతు తిరిగి నిలబడి, అదే చోటిని అడ్డంగా వినండి. మంచి నాణెం ఎటు నుంచి చూసినా అదే చోట, దాదాపు అదే స్వరంలో మోగుతుంది. తుప్పు పట్టిన వంకర మేకు అయితే ఇటు తిరిగేసరికి శబ్దం విరిగిపోతుంది, లేదా ఓ నాలుగు అంగుళాలు పక్కకి జరుగుతుంది. పిన్‌పాయింట్ చూపించిన చోటూ, మామూలు విసురులో మోగిన చోటూ కలవకపోయినా మేకే అనుకోండి. ఇది పట్టుబడ్డాక తవ్వే గుంతలు సగానికి పైగా తగ్గుతాయి.

సీసా మూతలు వీటికంటే జిత్తులమారివి. అవి ఉక్కు రేకువే, కానీ గుండ్రంగా, పల్చగా ఉంటాయి కాబట్టి చాలా మిషన్లలో మంచి నాణెం నంబరే వేస్తాయి, పైగా రెండు వైపులా మోగుతాయి. దీనికి నేను వాడే చిట్కా ఒకటుంది. సిగ్నల్ మీద కాయిల్‌ని చిన్నగా ఆడిస్తూనే మెల్లగా మీ వైపు వెనక్కి లాగండి. వస్తువు కాయిల్ ముందు అంచు నుంచి జారిపోయే ఆ క్షణంలో వినండి. నాణెమైతే ఆ స్వరమే పల్చబడి ఆగిపోతుంది. మూతైతే చివర్లో ఇనుము శబ్దం, లావుపాటి గుర్రు, ఒక్కసారి తొంగి చూస్తుంది. దీనికి ఇనుమును పూర్తిగా నోరు మూయించే డిస్క్రిమినేషన్ తీసేసి వినాలి. అసలు మొదట్లో డిస్క్రిమినేషన్ ఎక్కువ పెట్టుకోవద్దనేది నా గట్టి అభిప్రాయం. వినపడని శబ్దాన్ని చెవి ఎప్పటికీ నేర్చుకోదు.

ఇంట్లో చేయగలిగిన సాధన కూడా ఉంది. కాయిల్‌ని లోహం లేని చెక్క బల్ల మీద పెట్టి, చేతి ఉంగరాలు, వాచీ తీసేసి, ఒక నాణెం, ఒక మేకు, ఒక మూత, అల్యూమినియం రింగు, నలిపిన రేకు ఒక్కొక్కటీ దాని ముందు ఆడించండి. స్క్రీన్ మీద గుడ్డ కప్పి, ఇంట్లో ఎవరినైనా ఆడించమని చెప్పి, శబ్దం విని ఏమిటో చెప్పండి. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. తర్వాత పెరట్లో ఒక మూల ముందు శుభ్రంగా వెతికి, ఉన్న చెత్తంతా తీసేసి, ఐదు, పది, పదిహేను సెంటీమీటర్ల లోతుల్లో నాణేలు పాతి గుర్తులు పెట్టుకోండి. ఒకటి అంచు మీద నిలబెట్టి పాతండి, ఒకదాని పక్కన కావాలనే మేకు పెట్టండి. సెట్టింగ్ మార్చినప్పుడల్లా వాటి మీదికే వెళ్లి వింటే ఏది లాభమో ఏది నష్టమో తెలిసిపోతుంది.

శబ్దం, నంబర్ కలిపి ఎలా వాడాలో ఒక ఉదాహరణ చెబుతాను. తెలిసినవాళ్లొకరు గడ్డిలో పెళ్లి ఉంగరం జారిపోయిందని నన్ను పిలిచారు. వెళ్లగానే వెతకలేదు. దంపతులిద్దరివీ ఒకే రకం ఉంగరాలు కాబట్టి రెండోది అడిగి తీసుకుని, గడ్డిలో పెట్టి నాలుగు వైపుల నుంచీ విన్నాను. డబ్బా రింగుల నంబరే, కానీ శబ్దం గుండ్రంగా, అంచుల్లో తెగకుండా ఉంది. డబ్బా రింగుకి తోక ఉంటుంది కాబట్టి ఒక కోణంలో కాస్త చిరుగుతుంది. తర్వాత తాడు వేసి నేలని పట్టీలుగా విడగొట్టి, ఒక పట్టీ పూర్తయ్యాకే రెండోది. ఆ పచ్చికలో డబ్బా రింగులు చాలానే ఉన్నాయి, కొన్ని మొత్తంగా, కొన్ని విరిగి. ఉంగరం వేర్ల మధ్యకి దిగి ఉంది, కంటికి అస్సలు కనపడదు. గడ్డిని వేళ్లతో పాయ తీసి, లోహం దగ్గర పడితే వణికే చిన్న కడ్డీ, అంటే చేతి పిన్‌పాయింటర్ మొన ఆనిస్తే అది వణికింది. తవ్వాల్సిన పనే లేకపోయింది.

చేతి పిన్‌పాయింటర్ లేకపోతే కొనండి. కాయిల్ పెద్దది, అది చూపించే చోటు కూడా సుమారుగానే ఉంటుంది. ఈ చిన్న కడ్డీ గుంతలోకి దిగి వస్తువు ఏ గోడ వైపు ఉందో చెబుతుంది, గుంతలు చిన్నవవుతాయి. గడ్డి ఉన్న చోట మూడు వైపులే కోసి, నాలుగో వైపు వేర్లు తెగకుండా వదిలి, ఆ గడ్డి పెళ్లని తలుపు రెక్కలా తెరవండి. మట్టిని పక్కన గుడ్డ మీద పోసుకుంటే తిరిగి అంతా గుంతలోకే వెళ్తుంది. దొరికిన చెత్తని అక్కడే పారేయకండి, ఇంకోసారి మీకే మోగుతుంది. దొరికిన పాత నాణేన్ని అక్కడికక్కడే వేలితో రుద్దకండి, మట్టిలోని ఇసుక రేణువులు గీతలు పెట్టేస్తాయి.

స్థలం ఎవరిదో వాళ్ల అనుమతి ముందు తీసుకోండి, రక్షిత కట్టడాల దగ్గరికి మిషన్ తీసుకెళ్లకండి. చాలా దేశాల్లో నేలలో దొరికిన పాత వస్తువుల మీద చట్టం ఉంటుంది, అది చదివాకే బయల్దేరండి. గుండు, తూటా, షెల్ లాంటిది కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకి చెప్పండి. ఒకే చోట వరసగా పాత నాణేలు రావడం మొదలైతే తవ్వడం ఆపేయాలి. 1992లో ఇంగ్లండ్‌లోని హాక్స్‌న్ అనే ఊళ్లో ఎరిక్ లాస్ అనే ఆయన, పొలంలో స్నేహితుడు పోగొట్టుకున్న సుత్తి కోసం డిటెక్టర్‌తో వెతుకుతుంటే రోమన్ కాలం నాటి బంగారం, వెండి బయటపడ్డాయి. ఆయన కొంత తీసి, మిగతాది కదపకుండా అధికారులకి కబురు పెట్టాడు. దాంతో పురావస్తు శాఖవాళ్లు ఏది దేని పక్కన ఉందో చూస్తూ తవ్వగలిగారు. దాదాపు పదిహేను వేల నాణేలు వచ్చాయి. సుత్తి కూడా దొరికింది, అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

పెద్ద కాయిల్ సంగతి. ఇప్పుడే వద్దు. మామూలు నేలలో నాణెం లాంటి చిన్న వస్తువు కాయిల్ వ్యాసమంత లోతులో వినపడితే గొప్ప, చాలాసార్లు అంత కూడా ఉండదు. పెద్ద కాయిల్ కొంచెం లోతు పెంచుతుంది గానీ, దాని కింద ఒకేసారి ఎక్కువ నేల పడుతుంది, అంటే ఎక్కువ మేకులు, ఎక్కువ ఖనిజం. మీరు చెప్పినట్టు మేకులు నిండిన చోట అది ఇంకా గందరగోళం చేస్తుంది, చేతికి బరువు కూడా. ఏదైనా కొనాలనే ఉంటే మీ మిషన్‌కి సరిపోయే చిన్న కాయిల్ కొనండి. లోతు తగ్గుతుంది, కానీ రెండు మేకుల సందులో ఉన్న నాణేన్ని విడదీసి వినిపిస్తుంది. అది కూడా, ఇప్పుడున్న కాయిల్‌తో మూతనీ నాణేన్నీ కళ్లు మూసుకుని వేరు చేయగలిగాక.