బడితో తల్లిదండ్రులు కలిసి పనిచేయడం ఎలా? చిత్తూరు వైపు నుంచి నా అనుభవం

మీ అబ్బాయి చిత్తూరులో సర్కారు బడిలో రెండో తరగతి చదువుతున్నాడని, ఎప్పుడు వెళ్లినా మేడం "ఇంట్లో కాస్త చదివించండమ్మా" అంటున్నారని, అంతగా చదువుకోని మీరు ఏం చేయగలరని అడిగారు. చాలా చేయగలరు. మా అమ్మాయి గుడిపాల వైపు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒకటి నుంచి ఐదు వరకు చదివింది. నేను అక్కడ బడి యాజమాన్య కమిటీలో కూడా ఉన్నాను. అక్కడ చూసిందే చెబుతున్నాను.

పిల్లవాడి గురించి మీకు తెలిసినవి మేడంకు తెలియవు, ఆమెకు తెలిసినవి మీకు తెలియవు. ముందు ఈ రెండూ ఒకచోటికి రావాలి. అది జరగకపోతే ఎన్ని సమావేశాలు పెట్టినా పిల్లవాడికి ఒరిగేదేమీ ఉండదు.

మా అమ్మాయి తరగతిలో ఒక పాప అసలు నోరు తెరిచేది కాదు. గుడిపాల దాటితే తమిళనాడే కదా, మా వైపు చాలా ఇళ్లలో తమిళమే మాట్లాడుకుంటారు. ఆ పాప మందకొడి అని మేడంతో సహా అందరూ అనుకున్నారు. ఒకరోజు పాపను తీసుకెళ్లడానికి వాళ్ల అవ్వ వచ్చింది. "రాత్రయితే ఇది నాకే కథలు చెబుతుందమ్మా, ఆపమన్నా ఆపదు. అన్నీ అరవంలోనే" అంది. మేడం అక్కడే కూర్చుని అవ్వను ఇంకా అడిగి తెలుసుకున్నారు. మరునాటి నుంచి పాపను తమిళంలోనే చెప్పనిచ్చి, రెండు భాషలూ వచ్చిన పక్క పిల్లతో దాన్ని తెలుగులో చెప్పించేవారు. సంక్రాంతి సెలవుల నాటికి ఆ పాప తెలుగులోనే ప్రశ్నలు అడగసాగింది. ఆ అవ్వకు సంతకం రాదు, బడి కాగితాల మీద వేలిముద్రే వేసేది. అయినా ఆ ఏడాది బడికి ఆమె చేసినంత మేలు మాలో ఎవరమూ చేయలేదని నేను నమ్ముతాను.

కాబట్టి మీరు వెళ్లినప్పుడు మీ ఇంటి సంగతులు చెప్పండి. అబ్బాయి ఎన్నింటికి నిద్రపోతాడు, దేనికి భయపడతాడు, మీ ఆయన పనివేళల వల్ల తండ్రిని ఎప్పుడు చూస్తాడు, ఇవన్నీ మేడంకు పనికొస్తాయి. ఆ తర్వాత మీరు అడగండి. "బాగా చదువుతున్నాడా?" అంటే "పరవాలేదమ్మా" అన్న జవాబే వస్తుంది. గుణింతాలు వచ్చాయా, ఒత్తులున్న మాటల దగ్గర ఆగుతున్నాడా, తీసివేతలో పక్క అంకె నుంచి అప్పు తెచ్చుకోవడం తెలిసిందా, ఎవరి పక్కన కూర్చుంటున్నాడు, మధ్యాహ్నం అన్నం, గుడ్డు తింటున్నాడా అని విడివిడిగా అడగండి. ఉదయం గంట కొట్టే వేళ వెళ్లకండి, పిల్లలంతా చుట్టూ మూగి ఉంటారు. సాయంత్రం బడి వదిలాక పది నిమిషాలు చాలు. విద్యాహక్కు చట్టం, 2009లోని 24వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, పురోగతి గురించి చెప్పడం ఉపాధ్యాయుల విధి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇక ఇంట్లో చదివించడం. మా ఇంట్లో రెండు ఆవులుండేవి. పాల కేంద్రంలో ఇచ్చే చీటీ చూపించి, అది రెండో తరగతి పిల్లకు పనికొస్తుందా అని మేడంను అడిగాను. ఆమెకు ఎంత నచ్చిందంటే, ఇంట్లో పాడి ఉన్న పిల్లలందరినీ చీటీలు తెమ్మన్నారు. పొద్దున ఎన్ని లీటర్లు, సాయంత్రం ఎన్ని, ఏ పూట ఎక్కువ, ఎంత ఎక్కువ అని లెక్కలు. మూడో తరగతికి వచ్చాక వారం డబ్బులు కూడటం. తల్లికి చదువు రాకపోయినా పాల లెక్క వచ్చు, కాబట్టి బిడ్డ తప్పు చేస్తే పట్టుకోగలదు. మీకు పాడి లేకపోతే కూరగాయల సంచి ఉంది, బస్సు మీది బోర్డు ఉంది. మీ అబ్బాయి ఇప్పుడు ఏం నేర్చుకుంటున్నాడో మేడంను అడిగి, ఆ వారం దాన్నే ఇంట్లో ఆడించండి. పాఠం మీరు చెప్పక్కర్లేదు.

మన జిల్లాలో ఇంకో చిక్కు ఉంది. జూన్‌లో బడులు తెరిచేసరికి తోతాపురి మామిడి కోతలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో పని ముమ్మరంగా ఉంటాయి. తల్లి షిఫ్టుకు వెళితే చంటిబిడ్డ కోసం పెద్దపిల్ల బడి మానేస్తుంది. హాజరు పట్టీ చూసి మేడం కోప్పడటం, తల్లి మొహం చాటేయడం ఏటా ఉండేదే. మేం తల్లులం కూర్చుని ఎవరి షిఫ్టు ఎప్పుడో చెప్పుకున్నాం. అంగన్‌వాడీ కార్యకర్త కూడా కమిటీలో ఉంటారు కాబట్టి మూడేళ్లు దాటినవాళ్లను ఆమె దగ్గరికి పంపాం. మరీ చిన్నవాళ్లను ఇంటిపట్టున ఉండే అవ్వలు చూసుకున్నారు. మేడం తన వంతుగా, పిల్ల రాని రోజు మధ్యాహ్నంలోపే ఇంటికి ఫోన్ చేసేవారు. హెడ్మాస్టరు సమావేశాలను షిఫ్టులు ముగిసే వేళకు మార్చారు. అందరి సమస్యా తీరలేదు గానీ, మానేసే పిల్లలు బాగా తగ్గారు.

కమిటీ గురించి క్లుప్తంగా చెబుతాను. చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, గ్రాంట్ల ఖర్చును గమనించడం దాని పనులు. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకుంటారు. అవకాశం వస్తే తప్పక నిలబడండి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ లాంటివి ముఖపరిచయానికి మంచివే. అయితే అంత జనంలో మీ బిడ్డ గురించి మనసు విప్పి మాట్లాడలేరు. వాట్సాప్ గ్రూపులోనూ అంతే. హోంవర్కు, సెలవుల సమాచారం వరకు దాన్ని వాడుకోండి, ఏ బిడ్డ లోపమూ అందులో రాయకండి.

టీచరుతో తేడా వస్తే ఏం చేయాలని కూడా అడిగారు. పిల్లవాడి ముందు మాత్రం వద్దు. ముందు ఆమెతోనే విడిగా మాట్లాడండి, తర్వాత హెడ్మాస్టరుతో, అప్పటికీ తేలకపోతే కమిటీ సమావేశంలో పెట్టి మినిట్స్ పుస్తకంలో రాయించండి. కొట్టడం, మనసు గాయపడేలా అవమానించడం జరిగితే మాత్రం ఈ వరుస పట్టించుకోకండి. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ వాటిని నిషేధించింది. తేదీ వేసి, జరిగింది రాసి, అదే రోజు హెడ్మాస్టరుకు, మండల విద్యాధికారికి ఇవ్వండి. రాయడం రాకపోతే తెలిసినవాళ్లతో రాయించండి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.