మందు చెప్పకుండా కలిపి ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 22 ఏళ్లు. డిప్రెషన్ అని డాక్టర్ మందు రాశారు. వారం వాడి మానేశాడు. తెలియకుండా తిండిలో కలిపి ఇవ్వొచ్చా? వైద్యం సరిగ్గా జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: దయచేసి కలపకండి. ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. అప్పుడు మందునే కాదు, మిమ్మల్నీ నమ్మడు. పైగా ఏదైనా ఇబ్బంది వస్తే అది మందువల్లే అని చెప్పలేడు. వైద్యం గురించి తెలుసుకుని ఒప్పుకునే హక్కు అతనిది. ఐక్యరాజ్యసమితి 2006 నాటి వికలాంగుల హక్కుల ఒడంబడిక, 25వ అధికరణం, ఇదే చెబుతోంది.

ఎందుకు మానేశాడో అడగండి. ఈ మందుల్లో చాలావాటికి వికారం, నిద్ర చెడటం మొదటివారంలోనే వస్తాయి. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. చాలామంది ఈ మధ్యకాలంలోనే మానేస్తారు. మొదటిరోజే ఈ సంగతి చెప్పడం డాక్టర్ బాధ్యత. వికారం సాధారణంగా తగ్గిపోతుంది. లైంగిక ఇబ్బందులు మాత్రం చాలామందిలో మందు వాడినంతకాలం ఉండవచ్చు, మీ ముందు చెప్పుకోలేడు కూడా. అందుకే డాక్టర్‌తో కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి. డోసు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు, తీవ్రత తక్కువైతే కౌన్సెలింగ్‌తోనే మొదలుపెట్టవచ్చు. థైరాయిడ్ సమస్య, రక్తహీనతవల్ల కూడా ఇలాంటి లక్షణాలు రావచ్చు కాబట్టి ఆ పరీక్షలు చేయించారా అని కూడా అడగండి.

ఇక వైద్యం పనిచేస్తోందా అన్నది. "కాస్త నయమేనా?" అన్న ఒక్క ప్రశ్నతో తేలదు. డిప్రెషన్ ఎంత ఉందో కొలవడానికి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. డాక్టర్‌ని కలిసిన ప్రతిసారీ నింపించి, రాసి ఉంచాలి. మొదటి స్కోరు సగానికి తగ్గితే మందు పట్టినట్టు, 5 లోపుకి వస్తే కోలుకున్నట్టు లెక్క. సరైన డోసు ఆరువారాలు వాడినా చెప్పుకోదగ్గ మార్పు లేకపోతే అదే చీటీ మళ్లీ రాయించుకుని రాకండి, పద్ధతి మార్చమని అడగండి. కోలుకున్నాక కూడా కనీసం ఆరునెలలు కొనసాగించాలి. ఒక్కసారిగా ఆపితే తలతిరగడం, కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం ఉండవచ్చు కాబట్టి డోసు మెల్లగా తగ్గించాలి.

పాతికేళ్లలోపు వారికి మందు మొదలుపెట్టిన తొలివారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చు. సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఉందంటే ఆరోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి.

ప్రశ్న (మరొకరి నుంచి): నేను చెప్పిన విషయాలు డాక్టర్ మా ఇంట్లో చెప్పేస్తారా?

జవాబు: మీ అనుమతి లేకుండా చెప్పకూడదు. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే మాత్రం, అవసరమైనంత వరకే చెబుతారు. ఎవరికి ఏం చెప్పొచ్చో మొదటిసారి కలిసినప్పుడే కేసు షీటులో రాయించండి.