నేర్చుకున్న బాబు మళ్లీ నిక్కరు ఎందుకు తడుపుకుంటున్నాడు?

ఏడాదిగా మరుగుదొడ్డికి తానే వెళ్తున్న నాలుగేళ్ల బాబు నర్సరీలో చేరిన నెలకే మళ్లీ నిక్కరు తడుపుకుంటున్నాడని అడిగారు. ఇలాంటప్పుడు మొదట అనుమానించవలసింది మొండితనాన్ని కాదు, మలబద్ధకాన్ని. బడి మరుగుదొడ్డి కొత్త కావడం వల్లనో, టీచరును అడగడానికి బిడియపడడం వల్లనో పిల్లలు ఇంటికి వచ్చేదాకా బిగబట్టుకుంటారు. అలా పేరుకుని గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కడంతో మూత్రాన్ని ఆపుకోగలిగే వ్యవధి తగ్గిపోతుంది. ఆ గట్టి మలం పక్కనుంచి పల్చగా జారి నిక్కరుకు అంటినదాన్ని చూసి, విరేచనాలని పొరబడి, వాటిని ఆపే మందు వేసి ఇబ్బందిని పెంచేవారూ ఉన్నారు.

భోజనం తర్వాత పేగుల కదలిక సహజంగానే పెరుగుతుంది కనుక, ఆ సమయంలో రోజూ 5 నిమిషాలు కూర్చోబెట్టండి. కమోడ్ అయితే కాళ్లు వేలాడకుండా పాదాల కింద చిన్న పీట వేయాలి (ఈ ఒక్క విషయంలో మన పాత గొంతుకు కూర్చునే పద్ధతే మేలు). నీళ్లు, పండ్లు, కూరలు పెంచండి. తిట్టినా, నలుగురిలో ఎగతాళి చేసినా బిగబట్టడం ఎక్కువవుతుంది.

మూత్రంలో మంట, జ్వరం, అతిదాహం, బరువు తగ్గడం, నడకలో తేడా వంటివి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యుణ్ణి కలవండి.