వారం కూరగాయలు ఫ్రిజ్‌లో పెడితే సత్తువ పోతుందా?

ప్రశ్న: మాది విజయవాడ. నాకిప్పుడు మూడో నెల. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం కాబట్టి ఆదివారం రైతు బజారుకెళ్లి వారానికి సరిపడా ఆకుకూరలు, కూరగాయలు తెచ్చి, అన్నీ తరిగి డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెడతాం. అలా పెడితే సత్తువ ఉండదని మా అత్తయ్య అంటున్నారు. బిడ్డకు పోషకాలు అందవేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అత్తయ్యగారి మాటలో సగం నిజముందమ్మా, కాకపోతే తప్పు ఫ్రిజ్‌ది కాదు, రోజులది. కోసిన తర్వాత కూడా ఆకు ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, తనలో ఉన్నదే ఖర్చుపెట్టుకుంటూ. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం రెండింతలో మూడింతలో అవుతుంది, పైగా ఆకు వడిలేకొద్దీ విటమిన్ సి ఇంకా తొందరగా పోతుంది. మే నెలలో వంటగది గట్టు మీద పెట్టిన తోటకూర సాయంత్రానికి ఎలా వాలిపోతుందో చూసే ఉంటారు.

మీకు ఇప్పుడు ముఖ్యమైనది ఫోలేట్, అంటే ఆకుకూరల్లో ఉండే ఒక బి విటమిన్. గర్భిణికి రోజుకు 570 మైక్రోగ్రాములు కావాలన్నది భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ప్యాకెట్ పాలకూరను పరీక్షిస్తే 20 డిగ్రీల దగ్గర నాలుగు రోజుల్లోనే ఫోలేట్ సగానికి దగ్గరగా పోయింది, 4 డిగ్రీల దగ్గర అంతే పోవడానికి ఎనిమిది రోజులు పట్టింది. 20 డిగ్రీలంటే మన దగ్గర ఏసీ గది! బయట పెడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

అందుకని ఫ్రిజ్ మానక్కర్లేదు, వండే వరుస మార్చండి. ఆకుకూరలు ఆది, సోమవారాల్లోనే అయిపోవాలి, ఆ తర్వాత బీన్స్, బెండకాయ, వారం చివరికి క్యారెట్, క్యాబేజీ. క్యారెట్‌లో ఉండే, ఒంట్లో విటమిన్ ఎ గా మారే కెరోటిన్ వారంలో పెద్దగా తగ్గదు. వీలైతే బుధవారం ఆఫీసు నుంచి వస్తూ రెండు కట్టల ఆకుకూర తెచ్చుకోండి. తెచ్చాక కట్ట విప్పి, పండిన ఆకులు, కుళ్లిన కాడలు ఏరేసి, కడగకుండా పొడి నూలు గుడ్డలో వదులుగా చుట్టి కింది డ్రాయర్‌లో పెట్టండి.

అన్నీ తరిగి పెట్టడం మాత్రం ఆపేయండి, నాకు నచ్చనిది అదొక్కటే. తరిగిన చోటల్లా గాలి తగిలి విటమిన్ సి పోతుంది, తరిగాక కడిగితే మిగిలింది నీళ్లతో పోతుంది. వండేముందు బాగా కడిగి, అప్పుడు తరగండి, గర్భిణిగా మీరు మట్టి లేకుండా కడుక్కోవడం ఎలాగూ అవసరం.

అన్నిటికీ చలి పడదు కూడా. వంకాయ, దోసకాయ మరీ చల్లగా ఉంటే మచ్చలు పడి మెత్తబడతాయి, రెండు మూడు రోజుల్లో వండేయండి. టమాటాలు దోరవి బయట, పండినవి ఫ్రిజ్‌లో. బంగాళాదుంపలు ఫ్రిజ్‌లో వద్దు, పిండి చక్కెరగా మారి వేపుడు నల్లబడుతుంది.

ఆకుకూర తింటున్నాం కదా అని ఫోలిక్ యాసిడ్ (ఫోలేట్) మాత్ర మాత్రం మానకండి, ఎన్ని నెలలు వేసుకోవాలో మిమ్మల్ని చూసే డాక్టరే చెబుతారు. విటమిన్ సి గురించి బెంగ ఉంటే రోజూ ఒక జామకాయ తినండి, లేదా పప్పు పొయ్యి మీంచి దించాక నిమ్మకాయ పిండుకోండి.