అల్లిక సందేహాలు: నూలు చొక్కా సాగిపోతే

ప్రశ్న: మా మనవరాలికి ఊలు చొక్కా కొలతలతోనే నూలు దారంతో చేతుల్లేని చొక్కా అల్లాను. ఉతికి దండెం మీద వేస్తే మోకాళ్ల దాకా సాగింది, అంచు వదులైంది. దారం నాసిరకమా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: దారాన్ని తిట్టకండమ్మా. ఊలు పోగుకు పుట్టుకతోనే వంకీలుంటాయి, లాగి వదిలితే వెనక్కి వస్తుంది. నూలుకు ఆ గుణం బాగా తక్కువ. పైగా తడిసిన నూలు బరువెక్కి, దండెం మీద కుట్లను కిందికి లాగుతుంది. చొక్కాను మళ్లీ తడిపి, మెలిపెట్టి పిండకుండా తువ్వాలులో చుట్టి అదమండి. చాప మీద పాత దుప్పటి పరిచి, కొలతకు సర్ది, నీడలో ఆరబెట్టండి. చాలావరకు దారికొస్తుంది.

ఈసారి ఒక సైజు సన్నని సూదులు తీసుకోండి, అంచుకు ఇంకా సన్నవి. మెర్సరైజ్డ్ దారమైతే, అంటే క్షారంలో శుద్ధి చేసి మెరుపు తెచ్చిన నూలైతే, స్టీలు సూదుల మీద జారుతుంది, వెదురువి మేలు. ముందుగా 10 సెంటీమీటర్లకు కాస్త మించిన చదరపు ముక్క అల్లి, ఉతికి, ఆరాకే 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టండి. చొక్కాకు ఎన్ని కుట్లు వేయాలో దాన్నిబట్టే తేలుతుంది. విసుగని చాలామంది ఈ పని ఎగ్గొడతారు. చొక్కా మొత్తం విప్పడం కన్నా విసుగా?

ఊలుకు మాత్రం మారకండి. నెల్లూరు ఎండల్లో పసిపిల్లకు ఊలు ఎవరు తొడుగుతారు? అన్నట్టు, పొడవు రెండు వేళ్లు తగ్గించి అల్లండి, తొడిగాక అదే దిగుతుంది.