ఆ కుర్చీ జరిపిన అమ్మాయి గురించి

తమ్ముడూ,

మనస్తత్వశాస్త్ర ల్యాబు మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. పార్టిసిపెంటు, అంటే ప్రయోగానికి వచ్చి కూర్చున్న మనిషి, బయటికి వెళ్ళగానే రీసెర్చ్ అసిస్టెంటు కుర్చీని మళ్ళీ నేలమీది టేపు గుర్తుకి జరిపే వాక్యం ఉంది చూశావూ, అక్కడ చాలాసేపు ఆగిపోయాను. ఆ వాక్యం రాసిన చెయ్యే రెండు పేజీలు తిరక్కుండా ప్రొఫెసర్ చేత ఎదుటివాడి కళ్ళలోకి చూసి మనసు చదివించేసరికి ఒళ్ళు మండింది. ఈ ఉత్తరం అందుకే.

ఆ టేపు అక్కడ ఎందుకుందో నువ్వు చెప్పలేదు. కంటికీ తెరకీ మధ్య 57 సెంటీమీటర్లు ఉంటే, తెరమీద ఒక సెంటీమీటరు బొమ్మ కంటి దగ్గర దాదాపు ఒక డిగ్రీ కోణం చేస్తుంది. కుర్చీ ముందుకి జరిగిందా, అదే బొమ్మ పెద్దదైపోతుంది. ఒక్కొక్కరు ఒక్కో సైజు బొమ్మ చూస్తే వాళ్ళ జవాబుల్ని పోల్చడానికి ఏం మిగులుతుంది? అందుకే కొన్నిచోట్ల గడ్డం ఆనించుకునే స్టాండు కూడా బిగిస్తారు. కుర్చీ జరిపిన ప్రతిసారీ ఆ అమ్మాయి ప్రయోగాన్ని కాపాడుతోంది. నీ కథకి నాయిక ఆమే. ప్రొఫెసర్ని వెనక వరసలో కూర్చోబెట్టు.

ఇక నీ రీసెర్చ్ స్కాలర్. పరీక్ష మొదలుపెట్టే ముందు నవ్వుతూ, "ఒత్తిడిలో ఉన్నవాళ్ళు తప్పులు ఎక్కువ చేస్తారని మా అంచనా, చూద్దాం" అంటాడు. ఆ మాటతో ఆ మనిషి డేటా పాడైపోయింది. కూర్చున్నవాడు ఆ అంచనాకి తగ్గట్టో, దానికి ఎదురుగానో ప్రవర్తిస్తాడు. మాట అనకపోయినా ప్రమాదమే. లెక్కలు చేస్తుందని పేరుపడ్డ హాన్స్ అనే గుర్రాన్ని ఆస్కార్ ఫంగ్‌స్ట్ పరీక్షించి 1907లో తేల్చింది అదే: ప్రశ్న అడిగినవాడి తల అతి కొద్దిగా కదలడం చూసి అది గిట్ట తట్టడం ఆపేది. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ రోసెంతాల్ అయితే మామూలు ఎలుకల్నే కొందరు విద్యార్థులకి 'తెలివైనవి' అనీ, కొందరికి 'మందమైనవి' అనీ చెప్పి ఇచ్చాడు. తెలివైనవని నమ్మినవాళ్ళ ఎలుకలే చిక్కుదారిలో దారి కనుక్కోవడం బాగా నేర్చుకున్నాయి.

అందుకే ఇన్‌స్ట్రక్షన్లు కాగితం మీద రాసి ఉంటాయి, అక్షరం మారకుండా చదవాలి. వీలైతే ఎవరు ఏ గుంపులో ఉన్నారో చదివేవాళ్ళకీ తెలియనివ్వరు. ఆ అమ్మాయి మొదటి మనిషికి ఏ గొంతుతో చదివిందో అరవయ్యో మనిషికీ అదే గొంతు. మధ్యలో ఆమెకి జలుబు చెయ్యొచ్చు, ఇంటినుంచి చెడ్డ కబురు రావచ్చు. "నేను బాగా చేస్తున్నానా?" అని పార్టిసిపెంటు ఆశగా అడిగితే "మీకు తోచినట్టు చెయ్యండి" అని మాత్రమే అనాలి. తల కూడా ఊపకూడదు. ల్యాబు కథలో నాటకమంతా ఈ ఆపుకోవడంలోనే ఉంటుందని నా గట్టి నమ్మకం. అయితే కూర్చున్నవాడు ఏడిస్తే కాగితం పక్కన పెట్టేస్తుంది, సెషన్ అక్కడే ఆగిపోతుంది. ఎప్పుడైనా లేచి వెళ్ళిపోవచ్చని సమ్మతిపత్రంలో రాసిచ్చారు కదా. నీ స్కాలరు "సైన్సు కోసం" అంటూ కొనసాగిస్తాడు, అది తీసెయ్.

"సాంకేతిక వివరాలు తగ్గించండి, పాఠకుడికి విసుగు" అనే ఎడిటర్లు నీకూ తగుల్తారు. వినకు. పొలం కథలో నాగలి కర్రు ఎలా ఉంటుందో తెలియాలనేవాళ్ళే, ల్యాబు కథకొచ్చేసరికి తెల్లకోటూ మెరిసే తెరా ఉంటే చాలంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త అంటే మనసులు చదివే డిటెక్టివ్ అన్న ఫ్యాషన్ అలాగే పుట్టింది.

మెదడు విద్యుత్ సంకేతాల్ని తలమీంచి పట్టే ఈఈజీ టోపీ పెట్టగానే ఆలోచనలు తెరమీదికి రావు. ముందు తల చుట్టుకొలత తీసి, ఒక్కో ఎలక్ట్రోడు కింద జెల్ నింపి, సిగ్నల్ కుదిరేసరికే అరగంట పట్టొచ్చు. వచ్చే సిగ్నల్ మైక్రోవోల్టుల్లో, అంటే వోల్టులో పదిలక్షో వంతుల్లో. ఒక్కసారి రెప్ప వేస్తే చాలు, అది మునిగిపోతుంది. బొమ్మని పదుల సార్లు చూపించి సగటు తీస్తే గానీ మెదడు స్పందన తేలదు. చివర్లో పార్టిసిపెంటు జుట్టుకంటిన జెల్ కడుక్కోవాలి, అదీ రాయి.

వీడియోలు చూసి మార్కులు వేసే ఇద్దరు విద్యార్థుల్ని ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగు. ఇద్దరూ విడివిడిగా మార్కులు వేశాక, ఎంతవరకు కలిశాయో కాపా అనే లెక్కతో చూస్తారు. కలవని చోట వీడియో ఆపి, మూడు సెకన్ల ముక్కని పదేపదే తిప్పి, "ఇది నవ్వా, ఇబ్బందా?" అని వాదించుకుంటారు. రెండు మనస్తత్వాలు చూపించడానికి ఇంతకన్నా మంచి గది నీకు దొరకదు.

పన్నెండుమందితో నీ సిద్ధాంతం "రుజువైపోయింది". రెండు గుంపుల మధ్య మధ్యరకం తేడాని 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటేనే, మామూలుగా వాడే 5 శాతం గీత దగ్గర (అంటే లేని తేడా ఉన్నట్టు కనబడే అవకాశం 5 శాతం మించకూడదన్న హద్దు దగ్గర), గుంపుకి 64 మంది కావాలి. పదిమంది పూర్తవగానే తొంగిచూసి, ఫలితం గీత దాటగానే ఆపేస్తే, లేని తేడా ఉన్నట్టు కనబడే ప్రమాదం ఆ 5 శాతాన్ని మించిపోతుంది. 2015లో 100 మనస్తత్వశాస్త్ర ప్రయోగాల్ని మళ్ళీ చేసిన ఫలితాలు వెలువడ్డాయి. మొదట 97 శాతం గీత దాటినవే, మళ్ళీ చేస్తే దాటినవి 36 శాతం. అందుకే ఎంతమందిని పిలుస్తారో, ఏ డేటా తీసేస్తారో ముందే రిజిస్టర్ చేసే పద్ధతి పెరిగింది. ఫైలు తెరిచి చూడాలని చెయ్యి దురద పెడుతున్న పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక తాత్కాలికంగా పరిశోధన చేసేవాడు), కాంట్రాక్టు అయిపోతున్న పోస్ట్‌డాక్, నీ కథలో ఎక్కడున్నాడు?

పేరు మార్చాలా, ఏ పత్రికకి పంపాలా అన్నది తర్వాత చూద్దాం. ముందు నాలుగో భాగం కొట్టేసి, ఆ అమ్మాయి అరవయ్యో మనిషికి కాగితం చదివే సన్నివేశం రాసి పంపు. చదివేటప్పుడు కాగితం ఏ చేత్తో పట్టుకుందో కూడా నాకు కనబడాలి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య